సమాజమే కృతి: వనారస గోవిందరావు

పశ్చిమ వంగమున ఖరగ్‌పూర్ రైల్వే పట్టణమునకు చేరిన పేటలలో తాల్‌బగీచా ఒకటి. తాటితోట యని ఆ పేరునకు అర్థము. బెంగాల్ నాగపూర్ రైల్వేవారు మార్గమును వేసి కర్మాగారమును నెలకొల్పిన పిమ్మట, ఉత్తరాంధ్రమునుండి బ్రదుకుతెరువునకై తరలివచ్చిన తెలుగు కుటుంబములు ఈ పట్టణమున తరతరములుగా కాపురముండుచున్నవి. ఇంటిలో తెలుగు, వీధిలో వంగభాషయో హిందీయో పలుకుట వీరి పిల్లలకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఇట్టి పిల్లవాని చెవికి 'ఆపెరా' యను మాట సోకినచో అతనికి ఇటలీ దేశము స్ఫురింపదు; జాత్రా స్ఫురించును. వంగదేశమున జాత్రా సమాజములకు ఆపెరా యను పేరు వాడుకలో స్థిరపడినది. సత్యంబర్ ఆపెరా, తరుణ్ ఆపెరా మొదలగునవి జాత్రా సమాజములే. కలకత్తాలోని చిత్పూరు వీథి వీరికి నిలయము. రథయాత్రనాడు బేరములు మొదలగును. దుర్గాపూజతో ప్రదర్శనలు ఆరంభమై వానకాలమునకు ముందు ముగియును.

పూర్వము జాత్రా సమాజమును నడపువానిని 'అధికారి' యనిరి. ఈ మాట గమనింపదగినది. సొమ్ము పెట్టువాడు, పాట కట్టువాడు లేక కట్టించువాడు, నటులకు నేర్పువాడు, ఊరూర బేరము కుదుర్చువాడు, రంగముపై ముందు నిలుచువాడు—ఈ అందరును ఒక్కడే. తెలుగున మనకిట్టి మాట లేదు. 'సమాజాధిపతి' యన్నచో వ్యాపారి తోచును. 'దర్శకుడు' అన్నచో చలనచిత్రము తోచును. మాట లేకపోవుట చిన్న లోపముగా కనబడవచ్చును. కాని మాట లేనిచోట విమర్శయు ఉండదు. తెలుగు నాటకమును గూర్చి ఇంత వ్రాసియు, నాటక సమాజమును నిర్మించిన వానిని కళాకర్తగా మనము ఏల చదువలేదో తెలిసికొనుటకు వనారస గోవిందరావు జీవితకార్యముకంటె మంచి నిదర్శనము లేదు.

మన సాహిత్య చరిత్రలలో ఆధునిక నాటకమునకు సంబంధించి రెండు సంవత్సరములు తప్పక కనిపించును. 1880లో కందుకూరి వీరేశలింగము రాజమహేంద్రవరమున తన విద్యార్థులచేత నాటకము లాడించెను. 1892లో గురజాడ అప్పారావు 'కన్యాశుల్కము' విజయనగరమున ప్రదర్శింపబడెను. ఈ రెంటి నడుమ 1885వ సంవత్సరమున కడప జిల్లా సురభి గ్రామమున 'కీచకవధ' ఆడబడెను. ఒక పెండ్లి సందర్భమున గ్రామపెద్దల కోరికపై ఆ ప్రదర్శనము జరిగెనని సమాజమువారు చెప్పుదురు. మొదటి రెండు సంఘటనలును గ్రంథములను మనకు మిగిల్చినవి. కాబట్టి అవి చరిత్ర యైనవి. మూడవది గ్రంథమును మిగుల్చలేదు; మనుష్యులను మిగిల్చినది. వారి మునిమనుమలు నేటికిని నాటకము లాడుచున్నారు. ఐనను చరిత్రకారుడు ఈ మూడవదానిని 'ఇవిగాక' యను వాక్యముతో ఆరంభమగు పేరాలోనికి నెట్టివేయును.

గోవిందరావు పుట్టినది తోలుబొమ్మలాటల కుటుంబమున. మహారాష్ట్రమునుండి దక్షిణమునకు వలసవచ్చిన ఆరె మరాఠీ వంశములవారు రాయలసీమలో స్థిరపడి, తెలుగున బొమ్మలాడించుచుండిరి. ధార్వాడ సమాజములు తెలుగుదేశమున తిరిగి తెరలతో, వేషములతో, సంగీతముతో కొత్త నాటకమును చూపిన కాలమది. పండితులు ఆ ప్రదర్శనములను చూచి నాటకములు వ్రాయుటకు పూనుకొనిరి. గోవిందరావును ఆయన సోదరుడు చిన్నరామయ్యయు వేరు పని చేసిరి. బొమ్మలను దింపి వాని స్థానమున తమవారిని నిలిపిరి.

ఈ మార్పును మనము సామాన్యముగా 'బొమ్మలాటను విడిచి నాటకమునకు వచ్చిరి' అని చెప్పుదుము. నా అభిప్రాయమున ఇది సరికాదు. వారు దేనిని విడువలేదు. బొమ్మలాటలో తెరవెనుక కుటుంబమంతయు నుండును. ఒకడు బొమ్మ నాడించును, ఒకడు తాళము వేయును, స్త్రీపాత్రల మాటలను పాటలను ఇంటి ఆడువారు పలుకుదురు. చూచువాని ముందు బొమ్మ యొక్కటే. దాని వెనుక ఇల్లంతయు. సురభివారి నాటకశాలలో జరుగుచున్నదియు ఇదియే. బొమ్మకు బదులు మనుష్యుడు వచ్చెను. కఱ్ఱపుల్లకు బదులు తీగ వచ్చెను. తెరమీది నీడకు బదులు రంగులు పూసిన తెరయే రంగమునకు వచ్చెను.

సురభి రంగమున స్త్రీలు స్త్రీపాత్రలు ధరించుటకు కూడ మూలమిందే యున్నదని తోచుచున్నది. మన నాటకరంగమున పురుషులే స్త్రీవేషములు వేయుచుండిన కాలమున సురభి స్త్రీలు నిస్సంకోచముగా రంగమెక్కిరి. స్థానం నరసింహారావు సత్యభామగా, చిత్రాంగిగా లోకమును మోహింపజేసినవాడు. ఆయన కళను తక్కువ చేయుట నా ఉద్దేశము కాదు. బళ్లారి రాఘవ గౌరవకుటుంబముల స్త్రీలు నాటకములలోనికి రావలెనని వాదించి, కొందరిని రప్పించెను కూడ. అది సంస్కర్త చేసిన పని. దానికి ఉపన్యాసము వలసెను, ధైర్యము వలసెను. గోవిందరావుకు ఉపన్యాసము వలయలేదు. బొమ్మలాటలో తెరవెనుక ద్రౌపది మాటలు పలికిన గొంతు తెర ముందునకు వచ్చుటయే జరిగినది. సంస్కరణమని పేరు పెట్టకుండ, కులవృత్తి మర్యాదలోనే ఒక పెద్ద మార్పు సాగిపోయెను. సాహిత్యకారుడు దీనిని ఆదర్శముగా ఎంచలేదు; ఎందుకనగా ఇందు ఆదర్శవాక్యము లేదు.

ఇక ఆయన దర్శకత్వమును గూర్చి. గోవిందరావు ఏ నటునికి ఏమి చెప్పెనో తెలుపు గ్రంథము లేదు. కాని శిల్పి మాటలు దొరకనప్పుడు శిల్పమును చూచి శిల్పిని గ్రహింపవలసినట్లు, ఆయన సంప్రదాయమును పట్టి నడచు సమాజముల ప్రదర్శనములను చూచి ఆయన ఊహను గ్రహింపవచ్చును. 'మాయాబజారు'లో అభిమన్యునకు, ఘటోత్కచునకు జరుగు పోరును తీసికొందము. ఇరువురు బాణములు విడుతురు. బాణములు రంగమునకు అడ్డముగా గాలిలో సాగి, నడుమ ఒకదానినొకటి తాకి, నిప్పులు చిమ్మి పడిపోవును. తీగ లాగువాడు ఒక క్షణము ముందైనను వెనుకైనను దృశ్యము నవ్వులపాలగును. నటుడు తీగవంక చూడరాదు. చూడకయే దాని కదలిక నెఱిగియుండవలెను. తీగ పట్టినవాడు అతని అన్నయో మేనమామయో అయియుండును; వాడే తరువాతి అంకమున వేషము కట్టి వచ్చును. ఈ పొందిక నాలుగు దినముల అభ్యాసముతో వచ్చునది కాదు. తెరల నడుమ పుట్టి పెరిగిన వారికే వచ్చునది.

ముందు వరుసలో కూర్చున్న పిల్లవాడు కూడ తీగను కనిపెట్టగలడు. ఐనను వాని ఆనందము తగ్గదు. తోలుబొమ్మ వెనుక పుల్ల యున్నదని ఎవరికి తెలియదు? మోసపోవుటవలన కలుగు ఆనందము ఒకటి; నేర్పును చూచుటవలన కలుగు ఆనందము వేరొకటి. సురభి నాటకము ఈ రెండవదానిని నమ్ముకొన్నది. మేఘములనుండి నారదుడు దిగుట, స్తంభము చీలి నరసింహమూర్తి వెలువడుట, కన్నుమూసి తెరచునంతలో అడవి అంతఃపురమగుట—వీనిని 'ట్రిక్కులు' అని చిన్నచూపు చూచుట మన విమర్శకులకు పరిపాటి. ట్రిక్కు తనంతట తాను కళ కాదు, అది నిజమే. కాని అలంకారశాస్త్రమున అద్భుతమును రసములలో నొకటిగా లెక్కించిన జాతి, ఆ రసమును రంగమున నిలుపు ఉపాయమును మాత్రము పామరమనుట న్యాయమా?

పద్యనాటకములయందు మరియొక మార్గము బలముగా సాగినది. దానితో పోల్చి చూచినచో గోవిందరావు మార్గము స్పష్టమగును. కంట్రాక్టు నాటకములలో ఒకే రాత్రి ఒక పాత్రను ఇద్దరు ముగ్గురు నటులు పంచుకొనెడివారు. మొదటి అంకమున ఒక కృష్ణుడు, రాయబారమున వేరొక కృష్ణుడు. ప్రేక్షకుడు కృష్ణుని చూచుటకు రాలేదు. పేరుపడిన గాయకుని పద్యము వినుటకు వచ్చెను. 'వన్స్‌మోర్' అని కేక వేసినచో కురుక్షేత్రము ఆగిపోవును. పద్యము మరల సాగును. ఆ పద్యగానమందు మన భాషకు గర్వకారణమైన సౌందర్య మున్నది. తిరుపతి వేంకటకవుల పద్యములు చదువురాని రైతు నోటికి వచ్చినది ఆ నటులవలననే. కాని నాటకము మాత్రము కచ్చేరీగా మారినది. సురభిలో పద్యము దృశ్యమునకు లోబడును. రాగము సాగదీయుటకు తీగ పట్టినవాడు ఆగడు, తెర ఆగదు, తరువాతి వేషమునకు సిద్ధమై నిలిచిన చెల్లెలు ఆగదు. ఇందు ఏ నటుడును నాటకముకంటె పెద్దవాడు కాలేడు. దీనిని ఒక లోపమనువారు కలరు. దర్శకత్వమనగా ఇదియే యని నేననుకొందును.

గోవిందరావు కేవలము తన కుటుంబమునే చూచుకొన్నవాడని భావింపరాదు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు ఏర్పడుటకు ఆయన పూనిక ముఖ్యకారణములలో నొకటి. పండితులును, న్యాయవాదులును, ఔత్సాహిక నటులును చేరిన ఆ సభకు వెనుక బొమ్మలాటల ఇంట పుట్టిన వృత్తికళాకారుని చేయి యుండుట స్మరింపదగిన విషయము. తన వృత్తికి గౌరవము తనవారు మాత్రమే తెచ్చుకొనజాలరనియు, నాటకమాడు వారందరును ఒక చోట చేరవలెననియు ఆయన గ్రహించెను.

కుటుంబము పెరిగిన కొలది సమాజములు పెరిగినవి. కుమారులు, కుమార్తెలు, అల్లుండ్రు, వారి బిడ్డలు వేరువేరు డేరాలు వేసికొని వేరువేరు జిల్లాలలో తిరిగిరి. ఒకప్పుడు ఇట్టి శాఖలు 30కి పైగా నుండెను. అందు శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి 1937లో జిమిడిపేటలో స్థాపింపబడినది. జిమిడిపేట విజయనగరమునుండి రాయపూరునకు పోవు రైలుమార్గముపై నున్న ఊరు. ఆ మార్గమును వేసినదియు బెంగాల్ నాగపూర్ రైల్వేవారే. ఉత్తరాంధ్ర శ్రామికుని ఖరగ్‌పూరునకు కొనిపోయిన సంస్థ వేసిన పట్టాల ప్రక్కనే ఈ నాటకమండలి పుట్టినది. ఒకడు పనికై ఊరు విడిచెను. మరియొకడు ఊరూర తిరుగుటయే పనిగా పెట్టుకొనెను.

ఈ నిర్మాణమునకు బలమైనదే బలహీనతయు నయ్యెను. దీనిని దాచుట విమర్శకు తగదు. తండ్రియే దర్శకుడైనచోట దర్శకుని మాట కాదనుటకు వీలులేదు. పాత్రలు ప్రతిభనుబట్టియే గాక వరుసనుబట్టియు, వయస్సునుబట్టియు సంక్రమించును. ప్రహ్లాదుడుగా, బాలకృష్ణుడుగా, లవకుశులుగా రంగమెక్కు బిడ్డకు 'నేను వేరొక పని చేసెదను' అను అవకాశము చాలకాలము లేకపోయెను. రంగముపై స్త్రీకి చోటు దొరకినది. ఆ చోటును వలదనుటకు స్వేచ్ఛ దొరకినదా? పౌరాణిక కథల పట్టిక దాదాపు అదేవిధముగ నిలిచినది. తండ్రి నేర్పిన అడుగును మార్చుట తండ్రినే కాదనుటగా తోచు ఇంట కొత్త నాటకము కష్టముతో పుట్టును.

ఇంతలో మాటాడు బొమ్మ వచ్చెను. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి పాత్ర ధరించినది సురభి కమలాబాయి. ఇందు ఒక విచిత్రమైన విధి కనబడును. రంగముపై స్త్రీపాత్రను స్త్రీయే ధరించు అలవాటును నిలిపిన ఇల్లే, తెలుగు చలనచిత్రమునకు తొలి కథానాయికను ఇచ్చెను. ఆ చలనచిత్రమే క్రమముగా డేరాల ముందునుండి ప్రేక్షకులను తరలించుకొనిపోయెను. తీగతో సాధించిన అద్భుతమును కెమెరా సులువుగా సాధింపసాగెను. శాఖలు ఒకటొకటిగా మూతపడినవి.

ఐనను ఈ సంప్రదాయము కేవలము పాత అలవాటు మాత్రమేనా, లేక దానిలో కొత్తదానిని పలుకు శక్తి యున్నదా యను ప్రశ్నకు 1996లో ఒక పరీక్ష జరిగినది. కన్నడ దర్శకుడు బి.వి. కారంత్ సురభి నటులతో 'భీష్మ', 'చండీప్రియ', 'బస్తీ దేవత యాదమ్మ' అను నాటకములు చేయించెను. కడపటిది జర్మను నాటకకర్త బ్రెహ్ట్ రచనకు అనుసరణము. కారంత్ ఆధునిక రంగస్థలమున ప్రసిద్ధుడు. జాతీయ నాటక విద్యాలయమునకు 1977 నుండి 1981 వరకు సంచాలకుడుగా నుండినవాడు. కాని బాల్యమున ఆయన పెరిగినది గుబ్బి వీరణ్ణ సమాజమున. గుబ్బి సమాజము 1884లో పుట్టినది, సురభికంటె ఒక సంవత్సరము ముందు. కాబట్టి కారంత్ సురభి డేరాలోనికి పరాయివానివలె రాలేదు. పుట్టింటి భాష తెలిసినవానివలె వచ్చెను.

నటుడు పాత్రలో మునిగిపోక, తాను పాత్రను చూపుచున్నానని ప్రేక్షకునికి తెలియజేయవలెనని బ్రెహ్ట్ సిద్ధాంతము. చదువుకొన్న నటులకు ఇది కష్టమైన పాఠము. బొమ్మను పట్టి చూపిన తాతల మనుమలకు దీనిని వేరుగా నేర్పవలసిన పని యేమున్నది? నగరములోని బస్తీని, నేటి పేదస్త్రీ కథను మాయాబజారు ఆడిన నటులే ఆడగలిగిరి. గోవిందరావు తనవారికి ఇచ్చినది పురాణము మాత్రమే కాదని, పురాణమును ఆడు నేర్పని, ఆ నేర్పు వేరు కథనుగూడ మోయగలదని ఇందువలన తేలినది. తేలనిది మరొకటి కలదు: బయటినుండి ఒక కారంత్ రానిచో, లోపలినుండి ఇట్టి మార్పు వచ్చియుండెడిదా? తండ్రియే దర్శకుడైన సమాజమునకు ఈ ప్రశ్న తప్పదు.

శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని హైదరాబాదున నడపిన రేకందార్ నాగేశ్వరరావు, బాబ్జీగా ప్రసిద్ధుడు, 2013లో పద్మశ్రీ పురస్కారము నందెను. ఆ సంవత్సరమే ఆ మండలి ఫ్రాన్సు దేశపు మెట్స్ నగరమున నాటకోత్సవమునందు ప్రదర్శనము లిచ్చెను. ఆయన 2022లో మరణించెను. దర్శకుడు మరణించిన పిమ్మట దర్శకత్వము ఎచ్చట నుండునను ప్రశ్న మరల మన ముందు నిలిచినది.

ఇచ్చట వంగదేశపు అధికారులను మరల స్మరింతము. బారిసాలు ముకుందదాసు (1878–1934) స్వదేశోద్యమ కాలమున జాత్రాను దేశభక్తికి వాహనముగా చేసి కారాగారమునకు వెళ్లెను. ఆయన నేడు జీవించియున్నది తన పాటలయందు. తరుణ్ ఆపెరాకు నాయకుడైన శాంతిగోపాల్ హిట్లరుగా, లెనినుగా కనబడి పల్లెజనులకు ప్రపంచ చరిత్రను చూపెను. ఆయన జీవించియున్నది చూచినవారి స్మృతియందలి ఒక ముఖమునందు. గోవిందరావుకు మనము పాడుకొను పాట లేదు. మనము తలచుకొను ముఖము లేదు. ఆయన జీవించియున్నది ఒకడు తీగ లాగుటయందు, మరియొకడు దానిని చూడకయే అడుగు వేయుటయందు. పాట గ్రంథమునకు ఎక్కును. ముఖము ఛాయాచిత్రమునకు ఎక్కును. ఈ మూడవది మనుష్యుల శరీరములకు తప్ప మరి దేనికిని ఎక్కదు. కాబట్టి ఇది అన్నిటికంటె సజీవమైనది. అన్నిటికంటె సులువుగా నశించునదియు ఇదియే.

విమర్శకుడు చేయవలసిన పని ఇందుండి తేలుచున్నది. సురభిని పొగడుటతో సరిపుచ్చరాదు. ఏ తెర ఎప్పుడు లేచును, ఏ తీగ ఎవరిచేత నుండును, ఏ పద్యమును ఎచ్చట కుదించిరి, ఏల కుదించిరి అను విషయములను, కావ్యమునకు పాఠనిర్ణయము చేయు శ్రద్ధతో వ్రాసి పెట్టవలెను. కావ్యమునకు తాళపత్రమెట్టిదో ఈ కళకు నటుడట్టివాడు. తాళపత్రము చిలుము పట్టకముందే చదువవలెను.

సురభి కుటుంబములలో ఇంటిభాష మరాఠీ, రంగభాష తెలుగు. తరతరములుగా వారు తల్లి ఒడిలో వినని భాషయందు పద్యములు చదివి, దానిని తమదిగా చేసికొనిరి. రక్తమువలన కాదు, అభ్యాసమువలన. తాల్‌బగీచాలో ఇంట తెలుగు, వీధిలో వంగభాష వినుచు పెరుగు పిల్లవానికి ఈ కథలో ఒక పాఠమున్నది. భాష ప్రేమించినంతమాత్రమున నిలువదు. ప్రతిదినము దానితో ఒక పని చేసినపుడే నిలుచును. గోవిందరావు తనవారికి ఒక భాషను దాచి పెట్టలేదు. దానితో చేయవలసిన పనిని అప్పగించిపోయెను.